వేలు విడిచినవాళ్లు, వేలు పడనివాళ్లు

మేనమామ ఒడి, పాడె కింద భుజం, మిషన్ మీద ఆనించిన వేలు. మనవాళ్లెవరో తేల్చడానికి ఉత్తర తెలంగాణ మొదటినుంచీ ఒంటినే సాక్ష్యం అడుగుతోంది.

“బొటనేలు వద్దవ్వా, సూపుడేలు వెట్టు.”

“వెట్టిన గద బిడ్డా.”

“గట్టిగ ఒత్తు. కదలకు.”

నెల మొదటి వారం. పెద్దపల్లి జిల్లాలో ఒక ఊరి రేషన్ దుకాణం. సంచులు వరసలో ఉన్నాయి, సంచుల మనుషులు వేపచెట్టు నీడన ఉన్నారు. బల్ల మీద ఈ-పాస్ మిషన్, దాని పక్కన చిన్న అద్దం బిళ్ల, బిళ్ల కింద ఎర్రటి వెలుతురు. అవ్వ వేలు ఆనించగానే మిషన్ ఒకసారి కూసి ఊరుకుంది. డీలరు తల అడ్డంగా ఊపాడు. వెనకనుంచి కోడలు ముందుకొచ్చి అత్త వేలిని కొంగుతో తుడిచి, నోటి ఆవిరి పట్టి, మళ్లీ అద్దం మీద పెట్టి పైనుంచి తన వేలితో అదిమింది. ఈసారీ పడలేదు.

ఆ వేలు చూస్తే సంగతి తెలిసిపోతుంది. చిన్నప్పటినుంచి బీడీలు చుట్టిన చెయ్యి. తునికాకును కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, కొన మడవడం. ఒళ్లో చాట పెట్టుకుని రోజుకు వందల బీడీలు. ఆకు అంచు, కత్తెర పిడి కలిసి వేళ్ల మీది గీతల్ని సగం తినేశాయి. మిగిలిన సగాన్ని మిషన్ గుర్తుపట్టడం లేదు. కుడిచేతి వేళ్లు అయిపోయాక ఎడమచేతికి వచ్చారు. ఉంగరపు వేలి దగ్గర మిషన్ ఒప్పుకుంది.

“పడ్డది, పడ్డది,” అని వరసలో ఎవరో అన్నారు.

ఈ ప్రాంతంలో ఇప్పుడు వినపడే ప్రశ్న ఇదే. ‘బియ్యం వచ్చినయా’ కన్నా ముందు ‘ఏలు పడ్డదా’ అని అడుగుతున్నారు.

ఆరు కిలోల మనిషి

కొన్నేళ్ల కిందటిదాకా రేషన్ కార్డులో పేరుంటే ఉంది, లేకుంటే లేదు. దొడ్డుబియ్యం తెచ్చుకుని అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు, కోళ్లకు వేసినవాళ్లూ ఉన్నారు. 2025 ఉగాదినుంచి సన్నబియ్యం మొదలయ్యాక లెక్క మారింది. మనిషికి ఆరు కిలోలు. ఇంట్లో అయిదుగురుంటే ముప్ఫై. అన్నం వండుకు తినే బియ్యం కాబట్టి కార్డులో ప్రతి పేరుకూ ఒక్కసారిగా బరువు వచ్చింది.

దానికి రెండేళ్ల ముందే, 2023లో, కార్డులో ఉన్న ప్రతి ఒక్కరూ దుకాణానికి వచ్చి వేలిముద్ర ఇవ్వాలని ఈ-కేవైసీ మొదలుపెట్టారు. నెలనెలా బియ్యానికి ఇంటికి ఒకరి వేలు చాలు, ఈ-కేవైసీకి మాత్రం ఎవరి వేలు వాళ్లే పెట్టాలి. ఉత్తర తెలంగాణలో దీని దెబ్బ ముందు ఎక్కడ తగులుతుందో చెప్పనక్కర్లేదు. ఊళ్లో చాలా ఇళ్ల పెద్దకొడుకులు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. దేశంలో ఎక్కడున్నా అక్కడి దుకాణంలో వేలు పెట్టొచ్చన్నారుగానీ గల్ఫ్‌లో రేషన్ దుకాణం ఎక్కడిది? ‘నా పేరు పోతదా అమ్మా’ అని వాట్సాప్‌లో అడిగిన కొడుకులకు ఏం చెప్పాలో తల్లులకు తెలియలేదు. ఆ కొడుక్కి ఆ ఆరు కిలోలతో పనేమీ లేదు. పేరు తీసేయడమంటే ఇంట్లోంచి తీసేసినట్టు అనిపించింది, అంతే.

కార్డు భాషలో వాళ్లంతా ‘సభ్యులు’. ‘సభ్యుల వివరాలు’, ‘సభ్యుల చేర్పు’, ‘సభ్యుల తొలగింపు’. మీసేవ కేంద్రం గోడ మీద ఈ మాటలే ఉంటాయి. కానీ ఏ ఇంట్లోనైనా ‘మా ఇంట్ల ఆరుగురు సభ్యులం’ అని ఎవరన్నా అంటారా? ‘ఆరుగురం’ అంటారు. సభలో కూర్చునే అర్హత ఉన్నవాడు సభ్యుడు. గడప లోపల సభ ఉండదు కాబట్టి ఆ మాట కాగితాల దగ్గరే ఆగిపోయింది.

> డచ్చివాళ్ల ‘లిట్’
> హాలండు భాషలో కాలు, చెయ్యి, వేలి కణుపు... వీటన్నిటికీ పనికొచ్చే మాట ‘లిట్’. సంఘంలో సభ్యుడికీ అదే మాట. ఎక్కువమంది సభ్యులైతే ‘లేడెన్’, ఒంటి అవయవాలైతే ‘లేడెమాటెన్’. చర్చి సభ్యుణ్ని ‘లిట్‌మాట్’ అంటారు. విశ్వాసులంతా ఒకే దేహం, ఒక్కొక్కరూ ఒక్కో అవయవం అని పౌలు కొరింథీయులకు రాసిన లేఖలోని పోలిక యూరప్ భాషల్లో ఇలా స్థిరపడిపోయింది. ఇంగ్లిషు ‘మెంబర్’ లాటిన్‌లో అవయవమే.
> డచ్చివాళ్లు మనకు దూరపువాళ్లేం కాదు. 1605లో మచిలీపట్నం వచ్చారు. ఇప్పటి ఖమ్మం జిల్లా చింతకాని మండలంలోని నాగులవంచలో 17వ శతాబ్దంలో వాళ్ల వర్తక స్థావరం ఉండేది. ఆ కాలపు కంపెనీ ఉద్యోగి డేనియల్ హావర్ట్ కోరమాండల్ తీరపు డచ్చి స్థావరాల బాగోగుల మీద 1693లో పుస్తకమే అచ్చువేశాడు.

మేను కలిసినవాళ్లు

మనం అవయవాన్ని సంఘానికి ఇవ్వలేదు, చుట్టరికానికి ఇచ్చాం. మేనమామ, మేనత్త, మేనకోడలు, మేనబావ. ముందున్నది మేను. ఒకే అమ్మ పిల్లలు ‘ఒక్క కడుపుల పుట్టినోళ్లు’. అమ్మకు సొంత తమ్ముడు కాక, అమ్మ చిన్నాన్న కొడుకైతే అతను ‘వేలు విడిచిన మేనమామ’. ఎంత దగ్గర, ఎంత దూరం అనేది ఒంటి మీదే కొలిచారు. మేను దగ్గరుంటే సొంతం. వేలు విడిస్తే కాస్త దూరం. దూరమే గాని తెగిపోవడం కాదు. వేలు విడిచిన మేనమామకూ పెళ్లిపిలుపు వెళ్తుంది, అతనూ బట్టలు పెడతాడు.

మాటలు ఊరికే లేవు, పనులతోపాటు ఉన్నాయి. వేములవాడ రాజన్న గుళ్లో పిల్లల పుట్టువెంట్రుకలు తీయించేటప్పుడు చూడండి. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకునేది మేనమామ. తండ్రి పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటుంటాడు. చెవులు కుట్టించేటప్పుడూ ఆ ఒడే. పిల్లవాడు ఏ ఇంటివాడో తండ్రి ఇంటిపేరు చెబుతుంది, ఎవరి ఒంటివాడో మేనమామ ఒడి చెబుతుంది.

తండ్రివైపు వాళ్లు పాలోళ్లు. వాళ్లలో ఎవరన్నా పోతే అంటు, పుడితే పురుడు. పాలోళ్ల ఇంట్లో చావు జరిగిందంటే ఊరవతల ఉన్న మీ ఒంటికీ మైల పట్టినట్టే. రాజకీయాలు వేరైనా, పొలంగట్టు దగ్గర తలలు పగలగొట్టుకున్నా, పాడె కింద భుజం పెట్టడానికి ఆ నలుగురే రావాలి. రాకపోతే ఊరు ఏళ్ల తరబడి చెప్పుకుంటుంది. మాటలు లేని అన్నదమ్ములు పాడె దగ్గర భుజం మార్చుకుని, ఆ సాయంత్రం నుంచే మళ్లీ మాట్లాడుకోవడం ఈ ఊళ్లలో వింత కాదు.

ఒంటి మాటలు ఇక్కడ వేరేగా ఉంటాయి కూడా. తలను నెత్తి అంటారు, ఒంటిని పెయ్యి అంటారు, ఎముకను బొక్క అంటారు. చేతులు రెక్కలవుతాయి. కూలికి వెళ్లేవాళ్లు ‘రెక్కలకష్టం’ అన్నప్పుడు అది అలంకారం కాదు, ఒంట్లో నొప్పిపుట్టిన చోటు చూపిస్తున్నారు.

> కై, కెయ్, చెయ్యి
> ఆదిలాబాద్ గోండులు చేతిని ‘కై’ అంటారు, కొలాములు ‘కెయ్’ అంటారు. మనం చెయ్యి అంటున్నాం. ముగ్గురిదీ ఒకే పాత ద్రావిడ మాట. ఇ, ఎ ధ్వనుల ముందున్న ‘క’కారం తెలుగులో ‘చ’కారం అయింది. చెవి సంగతీ ఇంతే, కొలామీలో అది ‘కెవ్’. భాషాశాస్త్రవేత్త ఎమెనో కొలామీ మీద 1955లో ప్రచురించిన పుస్తకంతో ఇలాంటి పోలికలకు గట్టి ఆధారం దొరికింది. పాత ‘కై’ తెలుగులోనూ పూర్తిగా పోలేదు. కైమోడ్పు, కైదండ, కైవశం వంటి మాటల్లో దాక్కుని ఉంది. నాట్లకు పోయే ఆడవాళ్ల ‘కైకిలి’ వింటే నాకు ఆ కై చప్పుడే వినపడుతుంది.

రెండు కార్డుల మధ్య కోడలు

ఈ సభ్యత్వం గొడవలో అందరికన్నా నలిగింది కొత్తకోడళ్లు. పెళ్లయ్యాక పుట్టింటి కార్డులోంచి పేరు తీయించుకోవాలి, అప్పుడే అత్తింటి కార్డులో ఎక్కించడానికి వీలు. తీయించడం ఒక్కపూట పని. ఎక్కించడం మాత్రం ఏళ్లకేళ్లు ఆగింది. 2025లో కొత్త కార్డులు, కొత్త పేర్లు మొదలయ్యేదాకా దరఖాస్తులు పెండింగులోనే ఉన్నాయి. ఆ మధ్యలో పెళ్లయిన అమ్మాయి ఏ ఇంటి సభ్యురాలు? కాగితం ప్రకారం ఏ ఇంటిదీ కాదు. ఆమెకు పుట్టిన పిల్లలూ అంతే. ‘అక్కడ కొట్టేసిన్రు, ఇక్కడ ఎక్కియ్యలే’ అన్న మాట కరీంనగర్ నుంచి మంచిర్యాల దాకా ఏ మండలాఫీసు దగ్గరైనా వినిపించేది.

అదే అమ్మాయికి పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోస్తారు. ఇది తెలంగాణ ఆడబిడ్డలకు తెలిసిన లెక్క. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపుకొమ్ములు, రవికెగుడ్డ. తల్లిదండ్రులు దోసిళ్లతో కూతురి ఒడి నింపుతారు. కొన్నేళ్లకోసారి మళ్లీ పోస్తారు. ఆ బియ్యం ఆమె అత్తింటికి పట్టుకెళ్లి వండి, చుట్టుపక్కలవాళ్లనూ అత్తింటివాళ్లనూ పిలిచి పెడుతుంది. పుట్టింటి బియ్యం అత్తింటి పొయ్యిమీద ఉడుకుతుంది. పేరు కొట్టేయడం, ఎక్కించడం అనే గొడవే లేదు. రెండిళ్లదీ ఆమే.

కార్డు మీద ఒక మనిషి రెండుచోట్ల ఉండకూడదు, నిజమే. ఉంటే దొంగకార్డు. ఆ కట్టుబాటు లేకపోతే బియ్యం ఎవరికి చేరాలో వాళ్లకు చేరదు. నా అభ్యంతరం కట్టుబాటు మీద కాదు. కొట్టేయడానికీ ఎక్కించడానికీ మధ్య ఏళ్ల ఖాళీ ఉంచిన పద్ధతి మీద. పుట్టింటి పేరు తీసే మీట నొక్కిన క్షణంలోనే అత్తింట్లో పేరు ఎక్కేలా ఎందుకు చేయలేదో అడిగితే, ‘ఆ ఆప్షన్ లేదు మేడమ్’ అన్నది జవాబు.

నాగోబా ముందు భేటీ

కొత్తకోడలిని ఇంటిమనిషిని చేసుకోవడం ఎలాగో చూడాలంటే పుష్య అమావాస్యకు కేస్లాపూర్ వెళ్లాలి. ఇంద్రవెల్లి మండలం. మెస్రం వంశపు గోండుల నాగోబా జాతర. జన్నారం మండలంలోని హస్తినమడుగు దగ్గర గోదావరి నీళ్లు పట్టుకుని, చెప్పుల్లేకుండా నడిచి తెచ్చి దేవుడికి అభిషేకం చేస్తారు.

మహాపూజ అయ్యాక ‘భేటింగ్’. గడిచిన ఏడాదిలో మెస్రం ఇళ్లకు కోడళ్లుగా వచ్చిన ఆడవాళ్లు తెల్లచీరలు కట్టుకుని, ముసుగు వేసుకుని వరసగా వస్తారు. పెద్దకోడళ్లు వాళ్లను నాగోబాకు చూపిస్తారు. అప్పటిదాకా వాళ్లు మెస్రం ఇంట్లో ఉన్నా, వంటచేసినా, పిల్లల్ని కన్నా, వంశపు పూజల్లో చోటు ఉండదు. భేటీ అయ్యాక ఉంటుంది. పిల్లల్ని చంకనేసుకుని వచ్చే కోడళ్లూ ఉంటారు. ఆలస్యమైనా ఎవరూ తప్పు పట్టరు. వచ్చే ఏడు రమ్మంటారు.

గోండుల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చేది దేవతల సంఖ్య. నాలుగు, అయిదు, ఆరు, ఏడు దేవతలవాళ్లని సగలుగా ఉంటారు. ఒకే సగవాళ్లంతా అన్నదమ్ములు, వాళ్లమధ్య పెళ్లి కుదరదు. మెస్రం వాళ్లది ఏడు దేవతల సగ. మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1940లలో ఆదిలాబాద్ గూడేల్లో ఉండి ఇవన్నీ రాసుకున్నాడు. ఏ ఊరి గోండు ఎదురైనా రెండు ప్రశ్నల్లో వరస తేలిపోతుంది. కార్డు చూపించమనడు.

కాలు మొక్కిన చోటు

ఇంతవరకూ చదివి పాతదంతా బంగారం అనుకుంటే పొరపాటు. ఒంటితో మనుషుల్ని కలిపిన భాషే ఒంటితో విడదీసింది. పురుషసూక్తం నాలుగు వర్ణాల్ని ఒకే దేహంలో నోరు, చేతులు, తొడలు, పాదాలుగా పెట్టింది. పాదాల కిందికి కూడా రానివ్వనివాళ్లు ఆ దేహంలోనే లేరు. అంటు అన్న మాట పాలోళ్ల మైలకు ఎంత చెల్లిందో, ఊరిచివర వాడకు అంతకన్నా కఠినంగా చెల్లింది. చేతికి చెయ్యి తగలకుండా పైనుంచి నీళ్లు పోసిన ఊళ్లు ఇవే.

ఇక గడీల ముందు ‘బాంచెన్, నీ కాల్మొక్త’. దొరది కాలు, వెట్టివాడిది నెత్తి. ఆ రెంటికీ మధ్య మనిషితనానికి చోటు లేదు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రలో వేలమంది నడిచింది ఆ మాటను నోట్లోంచి ఊడబెరకడానికి కూడా. ఆనాటి పల్లెల్లో ‘సంగం’ అంటే రైతుకూలీ సంఘమే. సంఘంలో ఉన్నవాడు దొర ఎదుట తువ్వాల భుజం మీదనుంచి దించలేదు. సభ్యత్వమంటే అప్పుడు చందా రసీదు కన్నా ఆ తువ్వాలే.

అందుకే రేషన్ దుకాణంలోని అద్దం బిళ్లను తిట్టుకునేటప్పుడు ఒక సంగతి మర్చిపోలేను. మాదిగ వేలు, రెడ్డి వేలు, అవుసలాయన వేలు, తురక వేలు... అన్నీ ఆ అంగుళమంత చోటులోనే, ఒకదాని వెనక ఒకటి. మధ్యలో ఎవరూ అద్దాన్ని కడగరు. మిషన్ కులం అడగదు. ముత్తాతల కాలంలో ఈ ఊళ్లో ఇన్ని కులాల వేళ్లు వెంటవెంట తాకిన వస్తువు ఏదుంది?

> వేలికి ధర
> గోదావరిఖని, రామగుండం బొగ్గుబావుల చుట్టూ బతికేవాళ్లకు అవయవాల లెక్క ఇంకోరకంగా తెలుసు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టానికి ఒక పట్టిక ఉండేది. ఏ అవయవం పోతే సంపాదించే శక్తి ఎంత పోయినట్టో అందులో రాసిపెట్టారు. భుజం కీలు దగ్గర చెయ్యి పోతే 90 శాతం. బొటనవేలు పోతే 30. చూపుడువేలు మొత్తం పోతే 14, నడిమివేలు 12, ఉంగరపువేలో చిటికెనవేలో అయితే 7. రెండు చేతులూ పోతే 100. సింగరేణిలో కార్మికుణ్ని ‘మెడికల్ అన్‌ఫిట్’ అని తేలిస్తే అతని మీద ఆధారపడినవాళ్లలో ఒకరికి కారుణ్య నియామకం కింద ఉద్యోగం వస్తుంది. తండ్రి ఒంటి శక్తి అయిపోయిన చోట కొడుకు మస్టరు మొదలవుతుంది.

ముద్ర ఎక్కడ మొదలైంది

వేలిముద్రను మనిషికి బదులు నిలబెట్టే ఆధునిక సర్కారీ పద్ధతి మన దేశంలోనే మొదలైంది. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డుకు కంకర తోలే ఒప్పందం మీద రాజ్యధర్ కోనాయి అనే కాంట్రాక్టరు చేత అరచెయ్యంతా సిరాలో ముంచి వేయించాడు. తర్వాత మాట తప్పకూడదని భయపెట్టడానికి చేసిన పని అది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. ముద్రల్ని వర్గాలుగా విడదీసే పద్ధతి వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయ ఉద్యోగుల లెక్కలున్నాయి. పేరు మాత్రం పై అధికారి హెన్రీకి దక్కింది.

మన ఊళ్లలో వేలిముద్ర అంటే చదువురానితనం, అప్పుకాగితం. ఖాళీ స్టాంపుకాగితం మీద ఏలుముద్ర వేసి ఎకరాలు పోగొట్టుకున్న తాతల కథలు ఏ ఇంట్లోనైనా ఉంటాయి. మహిళాసంఘాల్లో చేరిన ఆడవాళ్లు పలకమీద పేరు దిద్దుకున్నది బ్యాంకులో ఆ ముద్ర వేయకుండా సంతకం పెట్టడానికే. సంతకం నేర్చుకుని తలెత్తుకున్న తరం మళ్లీ వేలు చాపాల్సి వచ్చింది. తేడా ఏమిటంటే ఇప్పుడు చదువుకున్నవాడూ చాపాలి.

మిషన్‌కు మనిషి తెలియదు, గీతలే తెలుసు. బీడీల ఆకు, నాట్ల బురద, ఇటుకబట్టీ వేడి, సిమెంటు పని, ముసలితనం... గీతల్ని తినేసేవన్నీ పేదవాళ్ల చేతులకే ఎక్కువ తగులుతాయి. బియ్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల వేలే పడదు. అందుకే తెలంగాణ దుకాణాల్లో కంటిపాపను చదివే పరికరం కూడా పెట్టారు. వేలు పడకపోతే కన్ను. కంట్లో శుక్లాలున్న ముసలివాళ్లకు అక్కడా తంటాయే. చివరికి చాలా ఊళ్లలో ఇంటిపట్టున ఉండే కోడలి వేలో, బడికెళ్లే మనవడి వేలో ఇల్లంతటి బియ్యం తెస్తోంది. మనవడి వేలి గీతలు ఇంకా అరగలేదు.

ఎవరి పొయ్యి, ఎవరి లెక్క

2027 జనగణనలో ఇంట్లో ఎవరున్నట్టు అన్న ప్రశ్న మళ్లీ గడప ఎక్కుతుంది. 2011 తర్వాత ఇదే మొదటిది, ఈసారి కులం కూడా అడుగుతారు. ఒక కుటుంబంలో ఎవరెవరు ఉన్నట్టు? జనగణనవాళ్ల కొలత రక్తం కాదు, ఇంటిపేరు కాదు, వేలు అసలే కాదు. ఒక్క వంటగది. కలిసి ఉంటూ ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్లు ఒక కుటుంబం.

ఇది మనవాళ్లకు కొత్త లెక్కేం కాదు. అన్నదమ్ములు వేరుపడితే ముందు వేరయ్యేది పొయ్యే, పొలం తర్వాత. కేస్లాపూర్‌లో మెస్రం వాళ్లు జాతర రోజుల్లో గోవాడ్ ఆవరణలో 22 పొయ్యిల మీదే వండుకుంటారు. వంశంలోని 22 కితలకు, అంటే శాఖలకు, 22 పొయ్యిలు. ఎన్ని వేలమంది వచ్చినా ఆ సంఖ్య పెరగదు.

పొయ్యి లెక్క వేసుకుంటే పెద్దపల్లి ఊళ్లలో చిత్రమైన కుటుంబాలు తేలతాయి. ఒకే గేటు లోపల రెండు పొయ్యిలున్న అన్నదమ్ములు రెండు కుటుంబాలు. పశువుల కొట్టం పక్క గదిలో పడుకుని, ఆ ఇంటి అన్నమే తినే జీతగాడు ఆ కుటుంబం లెక్కలోకి వస్తాడు, అతనిది ఏ కులమైనా, ఏ ఊరైనా. గణన రోజుల్లో దుబాయిలోనే ఉండిపోయిన పెద్దకొడుకు రాడు. ఇంటిపెద్ద మొదట చెప్పేది మాత్రం ఆ కొడుకు పేరే.